రిటైరయ్యే అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్స్: ప్లాన్‌ను డిశ్చార్జి బిల్లు వైపు నుంచి చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 59 నిండాయి, ఇంకో ఎనిమిది నెలల్లో ప్రైవేటు కంపెనీ నుంచి రిటైర్ అవుతున్నారు. కొన్నేళ్లుగా షుగర్, బీపీ మాత్రలు వాడుతున్నారు. అమ్మగారికి 56, మోకాళ్ల నొప్పులు తప్ప వేరే ఇబ్బంది లేదు. ఇన్నాళ్లూ కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీతోనే గడిచింది. ఏజెంటు మూడు ప్లాన్లు చూపించి, వాటిలో ప్రీమియం బాగా తక్కువగా ఉన్న సీనియర్ సిటిజన్ ప్లాన్ తీసుకోమంటున్నాడు. షుగర్ సంగతి ఫారంలో రాయకపోయినా పర్లేదంటున్నాడు. ఏ కంపెనీది మంచిది, రిటైరయ్యాక తీసుకుంటే సరిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్లు టీపీఏలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిమ్ ఫైళ్లు చూసే సంస్థలో పనిచేశాను. ఇప్పుడు ఏ కంపెనీతోనూ సంబంధం లేదు, ఏదీ అమ్మను. రెండో ప్రశ్నకు గడువు ఉంది కాబట్టి ముందు దానికి జవాబు: రిటైర్మెంట్ దాకా ఆగకండి, ఈ నెలలోనే తీసుకోండి.

కారణం వెయిటింగ్ పీరియడ్. పాలసీ మొదలైన మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిమ్ రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, ప్రోస్టేట్, మోకాలి మార్పిడి లాంటి వాటికి చాలా ప్లాన్లలో రెండేళ్లు, కొన్నిట్లో మూడేళ్లు ఆగాలి. ముందునుంచే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. ఇది ఒకప్పుడు నాలుగేళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని 36 నెలలకు తగ్గించింది. ఈ లెక్క పాలసీ కొన్న రోజు నుంచి నడుస్తుంది. నాన్నగారు ఉద్యోగంలో ఉండగా ఏదైనా అయితే కంపెనీ పాలసీ చూసుకుంటుంది, ఈలోపు మీ సొంత పాలసీలో ఎనిమిది నెలలు కరిగిపోతాయి. రిటైరైన మర్నాడు కొంటే, ఆదాయం ఆగిపోయిన మొదటి మూడేళ్లే రక్షణ సగం సగంగా ఉండే మూడేళ్లు అవుతాయి. ఇంకో సంగతి, చాలా ప్లాన్లలో 60 లేదా 61 దాటాక చేరినవాళ్లకు కో-పే (ప్రతి క్లెయిమ్‌లో ఇంత శాతం మనమే కట్టాలన్న షరతు) తప్పనిసరి. ఒక్క పుట్టినరోజు అటూ ఇటూ అయినందుకు జీవితాంతం ప్రతి బిల్లులో వాటా పెట్టుకోవాల్సి రావచ్చు.

ఒకే సమయంలో రెండు పాలసీలు ఉండొచ్చా అని చాలామంది భయపడతారు. నిక్షేపంగా ఉండొచ్చు. ప్రపోజల్ ఫారంలో కంపెనీ గ్రూప్ పాలసీ ఉందని రాస్తే చాలు.

ఇంకో దారి కూడా ఉంది, ఎందుకో దీన్ని ఎవరూ చెప్పరు. గ్రూప్ పాలసీ నుంచి బయటికి వచ్చేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారే హక్కు ఉద్యోగికి ఉంటుంది. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూప్‌లో గడిపిన కాలానికి వెయిటింగ్ పీరియడ్‌లో మినహాయింపు దొరుకుతుంది, అదీ గ్రూప్‌లో ఉన్న బీమా మొత్తం వరకే. గ్రూప్‌లో 3 లక్షలుండి కొత్తగా 10 లక్షలు తీసుకుంటే మిగతా 7 లక్షలకు వెయిటింగ్ మామూలుగానే ఉంటుంది. ఆరోగ్యాన్ని చూసి ఒప్పుకోవాలా వద్దా అన్నది మళ్లీ ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. అయినా అడగడం నష్టం కాదు. నాన్నగారి ఆఫీసు హెచ్ఆర్‌ని గ్రూప్ పాలసీ ఏ కంపెనీది, పాలసీ నంబర్ ఎంత, ఎప్పటి నుంచి ఉందన్నది రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రిటైరయ్యాక ఆ కాగితం కోసం తిరగడం పెద్ద తలనొప్పి.

షుగర్ సంగతి. ఏజెంటు చెప్పింది వినకండి. ఇందులో నాకు మొహమాటం లేదు. దాచిపెట్టిన షుగర్ బయటపడేది ఇన్సూరెన్స్ కంపెనీ నిఘా వల్ల అనుకుంటారు. చాలా ఫైళ్లలో అది బయటపడేది మన నోటి నుంచే. ఎమర్జెన్సీలో చేర్చినప్పుడు డ్యూటీ డాక్టర్ "షుగర్ ఉందా, ఎన్నాళ్లుగా?" అని అడుగుతాడు. కంగారులో ఉన్న కొడుకో కూతురో "చాలా ఏళ్ల నుంచి ఉందండీ, పదేళ్లు ఉంటుంది" అంటారు. ఆ మాట కేసు షీట్‌లోకి, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి వెళ్తుంది. పాలసీ రెండేళ్ల క్రితంది, సమ్మరీలో షుగర్ పదేళ్లది. ఇక ఆ ఫైలు ముందుకు కదలదు. క్లెయిమ్ పోవడంతో ఆగదు, విషయం దాచారన్న కారణంతో పాలసీనే రద్దు చేయొచ్చు. అప్పటికి మనిషికి 63 ఏళ్లు, ఫైల్లో గుండె జబ్బు ఒకటి చేరి ఉంటుంది, ఇంకెవరూ పాలసీ ఇవ్వరు.

అయిదేళ్లు దాటితే అడగరట కదా అని కూడా అంటారు. అది మారటోరియం. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్నది నిజమే, 2024కి ముందు ఇది ఎనిమిదేళ్లు. కానీ కావాలని చేసిన మోసమని రుజువైతే ఆ రక్షణ వర్తించదు. పైగా ఆ అయిదేళ్లు నాన్నగారి ఆరోగ్యం మన మాట వింటుందన్న గ్యారంటీ ఏముంది? ఉన్నది ఉన్నట్టు రాయండి. కంపెనీ ప్రీమియం కొంత పెంచొచ్చు (లోడింగ్ అంటారు), వెయిటింగ్ పెట్టొచ్చు, కాదు పొమ్మనొచ్చు. మూడూ ఇప్పుడే తెలియడం మంచిది. షుగర్, బీపీలకు మొదటి రోజు నుంచో 30 రోజుల తర్వాతో కవర్ ఇచ్చే ప్లాన్లు, అదనపు ప్రీమియంతో వెయిటింగ్ తగ్గించే రైడర్లు (పాలసీకి జోడించుకునే అదనపు సౌకర్యాలు) కూడా మార్కెట్లో ఉన్నాయి. మీ కేసులో డబ్బు పెట్టదగ్గ రైడర్ ఏదైనా ఉందంటే అదే. షుగర్‌కి వెయిటింగ్ ఉన్న కాలంలో గుండెకో కిడ్నీకో ఏదైనా వస్తే, అది షుగర్ వల్లే వచ్చిందని కంపెనీ వాదించే వీలుంటుంది మరి.

అమ్మగారి మోకాళ్లకు డాక్టర్ దగ్గర చూపించుకుని ఎక్స్‌రే తీయించి ఉంటే అదీ రాయాలి. అప్పుడు మోకాలి ఆపరేషన్‌కి రెండు వెయిటింగ్‌లు వర్తిస్తాయి, ఒకటి జాబితాలో ఉన్న ఆపరేషన్ కాబట్టి, రెండోది ముందునుంచే ఉన్న జబ్బు కాబట్టి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది లెక్క. షుగర్ మొదట ఎప్పుడు తేలిందో చెప్పే పాత ప్రిస్క్రిప్షన్ దొరికితే జాగ్రత్త చేయండి. ఆస్పత్రిలో ఎవరో పొరపాటున ఏళ్లు పెంచి రాసినా అది మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక మొదటి ప్రశ్న. ఏ కంపెనీ మంచిదన్న చోట మొదలుపెడితే ప్రకటనల్లో కొట్టుకుపోతారు. ప్రీమియం దగ్గర మొదలుపెడితే ఏజెంటు చూపించిన ప్లానే గెలుస్తుంది. నేనైతే ఒక ఊహా బిల్లు పట్టుకుని మొదలుపెడతాను. ఆ బిల్లును మూడు ప్లాన్లలోనూ వేసి, డిశ్చార్జి రోజు మన జేబు నుంచి ఎంత పోతుందో చూస్తాను.

ఉదాహరణకు మొత్తం బిల్లు 3,60,000 అనుకుందాం. అందులో రోజుకు 8,000 చొప్పున అయిదు రోజుల గది అద్దె 40,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, విజిట్లు కలిపి 1,60,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ 1,50,000. గ్లవ్స్, మాస్కులు లాంటి సామాన్లు 10,000. ప్లాన్ 5 లక్షలది, గది అద్దె పరిమితి బీమా మొత్తంలో 1 శాతం, అంటే రోజుకు 5,000. కో-పే 20 శాతం.

చాలామంది వేసే లెక్క: గదికి రోజుకు 3,000 ఎక్కువ, అయిదు రోజులకు 15,000 మనం కడితే సరి. కంపెనీ వేసే లెక్క వేరు. మీ అర్హత 5,000, మీరు తీసుకున్నది 8,000, కాబట్టి గదితో ముడిపడ్డ ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. 1,60,000లో ఎనిమిదింట అయిదు వంతులే, అంటే 1,00,000 మాత్రమే లెక్కకు తీసుకుంటారు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లకు ఈ కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది కాబట్టి ఆ 1,50,000 పూర్తిగా వస్తుంది. గ్లవ్స్ వగైరా రావు. అంటే 25,000 గది, 1,00,000 డాక్టర్లు, 1,50,000 మందులు కలిపి 2,75,000. దాని మీద 20 శాతం కో-పే 55,000 పోగా కంపెనీ ఇచ్చేది 2,20,000. మీ చేతి నుంచి 1,40,000. ఇన్సూరెన్స్ ఉండి కూడా.

ఈ 1,40,000లో గది అద్దె తేడా 15,000 మాత్రమే, కానీ ఆ గది వల్ల పోయింది మరో 60,000. అందుకే గది అద్దెకు పరిమితి లేని ప్లాన్, లేదా కనీసం "సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్" అని గది రకం పేరుతో రాసిన ప్లాన్ తీసుకోవాలి. రూపాయల్లో రాసిన పరిమితి ఈరోజు సరిపోయినట్టే ఉంటుంది, పదేళ్ల తర్వాత గదుల రేట్లు ఎక్కడుంటాయో ఆలోచించండి. ఇప్పటికే పరిమితి ఉన్న పాలసీతో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: అర్హతలోపు గది మాత్రమే అడగండి. చాలా ఆస్పత్రుల్లో గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు మారతాయి, కాబట్టి చిన్న గది తీసుకుంటే అసలు బిల్లే తగ్గుతుంది. గదిని బట్టి చార్జీలు మారని ఆస్పత్రుల్లో ఈ కోత వేయకూడదు. వేస్తే నిలదీయండి.

కో-పే గురించి నా అభిప్రాయం కొంచెం కఠినం. పెన్షన్ మీదో వడ్డీ మీదో బతికే మనిషికి 20, 30 శాతం కో-పే అంటే బిల్లు పెద్దదయ్యే కొద్దీ మన వాటా కూడా పెరుగుతూ పోతుంది. ఇన్సూరెన్స్ కొనేదే పెద్ద బిల్లు భయంతో. కో-పే లేని ప్లాన్‌కు ఏడాదికి 12,000 ఎక్కువ అనుకోండి, అయిదేళ్లకు 60,000. 4 లక్షల బిల్లు ఒక్కటి వస్తే 20 శాతం కో-పే 80,000. ఈ లెక్క మీ మూడు ప్లాన్లకూ వేసి చూడండి. మీ ఏజెంటు చూపించిన చవక ప్లాన్ ఎందుకు చవకో అక్కడ తెలుస్తుంది. కో-పే ఇంకో దొంగదారిలో కూడా వస్తుంది. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి చిన్న ఊళ్లవాళ్లకు ప్రీమియం తగ్గిస్తాయి. వాళ్లు పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే మాత్రం కో-పే వేస్తాయి. అమ్మానాన్నలు ఉండేది చిన్న ఊళ్లోనైనా పెద్ద ఆపరేషన్‌కి వెళ్లేది ఎక్కడికి? ఆ నగరం జోన్‌లోనే తీసుకోండి.

అలాగని కో-పే ఉన్న ప్రతిదీ చెత్త అనను. అన్ని కంపెనీలూ అమ్మాలని ఐఆర్‌డీఏఐ 2020లో తెచ్చిన ఆరోగ్య సంజీవని ప్రామాణిక పాలసీలో కో-పే 5 శాతమే. ఆరోగ్యం వల్ల మిగతాచోట్ల తిరస్కరణ ఎదురైనవాళ్లకు ఆ 5 శాతం పెద్ద భారం కాదు.

తర్వాత చూడాల్సింది సబ్-లిమిట్లు. పైన బీమా మొత్తం 10 లక్షలని ఉంటుంది, లోపల ఒక పట్టికలో శుక్లాల ఆపరేషన్‌కి కంటికి ఇంత, మోకాలికి ఇంత, గుండెకి ఇంత అని విడివిడి పరిమితులు ఉంటాయి. సీనియర్ ప్లాన్లలో ఈ పట్టిక పొడుగ్గా ఉంటుంది. రోబోటిక్ సర్జరీ, నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ, ఇమ్యునోథెరపీ, కంటిలోకి వేసే ఇంజెక్షన్లు వంటి ఆధునిక చికిత్సలకు కూడా విడిగా పరిమితి పెడతారు. షుగర్ ఉన్న నాన్నగారికి ఆ కంటి ఇంజెక్షన్ల లైను ప్రత్యేకంగా చదవండి. షుగర్ రెటీనాను దెబ్బతీసినప్పుడు అవి మళ్లీ మళ్లీ వేయించాల్సి వస్తుంది.

ఇదంతా 40 పేజీల పాలసీ వర్డింగ్స్‌లో వెతకక్కర్లేదు. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఒకటి ఉంటుంది. వెయిటింగ్‌లు, పరిమితులు, కో-పే, మినహాయింపులు అందులో చిన్న పట్టికగా ఇవ్వాలని 2024 జనవరి నుంచి నిబంధన ఉంది. అడిగితే మన భాషలో కూడా ఇవ్వాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన రంగుల బొమ్మ పక్కన పెట్టి, మూడు ప్లాన్ల షీట్లూ తెప్పించుకోండి. పంపడానికి నసిగే ఏజెంటుతో బేరం అక్కడే ఆపేయండి.

బీమా మొత్తం ఎంత ఉండాలి? నా లెక్కలో ఒక్కొక్కరికీ 10 లక్షలకు తగ్గకూడదు. ప్రీమియం భారమైతే 5 లక్షల బేస్ పాలసీ, దాని మీద సూపర్ టాప్-అప్ తీసుకోండి. ఇక్కడ పేరు జాగ్రత్తగా చదవాలి. మామూలు టాప్-అప్ ప్రతి చేరికనీ విడిగా చూస్తుంది, సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తాన్నీ కలిపి చూస్తుంది. డిడక్టబుల్, అంటే టాప్-అప్ మొదలయ్యేలోపు మనమో బేస్ పాలసీయో భరించాల్సిన మొత్తం, 5 లక్షలు అనుకోండి. ఏడాదిలో రెండుసార్లు చేరి, చెరో 4 లక్షలు అయితే మామూలు టాప్-అప్ ఒక్క రూపాయి ఇవ్వదు. సూపర్ టాప్-అప్ 8 లక్షల్లో 5 తీసేసి 3 లక్షలు ఇస్తుంది. పెద్ద వయసులో ఒకే జబ్బుతో రెండు మూడుసార్లు చేరడమే ఎక్కువ, కాబట్టి మామూలు టాప్-అప్ జోలికి పోవద్దు. బీమా మొత్తం అయిపోతే మళ్లీ నింపుతామనే రిస్టోరేషన్ కూడా అంతే. అదే జబ్బుకు మళ్లీ వర్తిస్తుందా, వేరే జబ్బుకేనా అన్నది చూసుకోండి.

ఇద్దరికీ కలిపి ఫ్లోటర్ తీసుకోవాలా, విడివిడిగానా? ఫ్లోటర్‌లో ప్రీమియం పెద్దవాళ్ల వయసును బట్టే ఉంటుంది. నాన్నగారికి షుగర్ లోడింగ్ పడే అవకాశం ఉంది, అమ్మగారు మూడేళ్లు చిన్న, పెద్ద జబ్బులేవీ లేవు. విడివిడి పాలసీలు నయం. ఇద్దరికీ ఒకే ఏడాది ఏదైనా అయినా ఒకరి కవర్ ఇంకొకరు తినేయరు.

డిశ్చార్జి బిల్లు ఒక పరీక్ష అయితే, నాన్నగారి 80వ ఏట ప్రీమియం రెండో పరీక్ష. దీన్ని దాదాపు ఎవరూ చేయరు. ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లో, ప్రాస్పెక్టస్ చివర్లో వయసుల వారీగా ప్రీమియం పట్టిక ఉంటుంది. 61–65 గడి చూసి ఆగిపోకుండా 71–75, 76–80 గడులు కూడా చూడండి. అవి ఈనాటి రేట్లు మాత్రమే, అక్కడికి చేరేసరికి పట్టికే మారిపోతుంది. 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ సీనియర్ సిటిజన్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. మంచిదే, కానీ ఏటా 10 శాతం పెరిగినా ఏడేళ్లలో దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ మొత్తం నాన్నగారి పెన్షన్‌లోంచి వస్తుందా, మీరు కడతారా అన్నది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. 76వ ఏట కట్టలేక వదిలేసిన పాలసీ మళ్లీ దొరకదు. రెండు మూడేళ్ల ప్రీమియం ఒకేసారి కడితే డిస్కౌంట్ ఉంటుంది, ఆ కాలానికి రేటు కూడా పెరగదు. రిటైర్మెంట్ డబ్బు చేతిలో పడే ఏడాది దానికి సరైన సమయం.

ఖర్చులో ఒక ఊరట ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. గ్రూప్ పాలసీలకు ఇది వర్తించదు. ఆదాయపు పన్నులో సీనియర్ సిటిజన్ తల్లిదండ్రుల ప్రీమియానికి 50,000 వరకు మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ నగదుగా కట్టకపోతేనే.

బ్యాంకులు ఖాతాదారులకు అమ్మే చవక గ్రూప్ పాలసీల గురించి ఎవరో ఒకరు మీకు చెప్తారు. ప్రీమియం నిజంగానే తక్కువ. కానీ బ్యాంకుకీ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఉన్న ఒప్పందం ఆగితే పాలసీ ఆగుతుంది. వ్యక్తిగత పాలసీకి ఉన్న జీవితకాల రెన్యువల్ హక్కు అక్కడ ఉండదు. ఆ హక్కు చాలా బలమైనది. గత ఏడాది క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించకూడదు, బీమా మొత్తం పెంచమని మీరు అడిగితే తప్ప ఆరోగ్యం మళ్లీ పరీక్షించకూడదు. అదనపు కవర్‌గా గ్రూప్ పాలసీ ఉంటే ఉండనివ్వండి, దాన్ని ఆధారం చేసుకోవద్దు.

కంపెనీ ఎంపిక చివర్లో వస్తుంది. "క్లెయిమ్ సెటిల్‌మెంట్ రేషియో 98 శాతం" అని ప్రకటనల్లో చూసే అంకెకు నేను పెద్దగా విలువ ఇవ్వను. పైన చెప్పిన బిల్లులో 3,60,000కి 2,20,000 ఇచ్చినా అది సెటిలైన క్లెయిమే. ఇంకర్డ్ క్లెయిమ్ రేషియో, అంటే వసూలు చేసిన ప్రీమియంలో క్లెయిమ్‌లకు ఎంత పోయిందన్నది, కొంత నయం. మరీ తక్కువైతే కంపెనీ పిసినారి, వందకు అటూ ఇటూ ఉంటే రేపు ప్రీమియం పెంచుతుంది. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ల వార్షిక నివేదికల్లో ఏ కంపెనీ మీద ఎన్ని ఫిర్యాదులన్నది ఉంటుంది, అది చూడండి. వీటన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటి. అమ్మానాన్నలను నిజంగా చేర్చబోయే రెండు మూడు ఆస్పత్రులకు వెళ్లి, అక్కడి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చున్నవాళ్లను అడగండి: "ఎవరి అప్రూవల్ తొందరగా వస్తుంది, ఎవరితో రోజంతా ఫోన్లు చేయాల్సి వస్తుంది?" వాళ్లకు ఏదీ అమ్మే పని లేదు, రోజూ పడే బాధ కాబట్టి ఉన్నది చెప్తారు. కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల నెట్‌వర్క్ జాబితా వెబ్‌సైట్‌లో ఉన్నా, ఆ ఆస్పత్రిలో క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) ప్రస్తుతం నడుస్తోందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

క్యాష్‌లెస్‌కు గడువులు ఉన్నాయి, వాటిని గుర్తుపెట్టుకోండి. అనుమతి గంటలో ఇవ్వాలి. డిశ్చార్జి సమయంలో ఆస్పత్రి బిల్లు పంపిన మూడు గంటల్లో తుది అనుమతి రావాలి. ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. 2024 మే నాటి సర్క్యులర్‌లో ఉన్న విషయాలివి. అన్నిచోట్లా గడియారం చూసి జరుగుతుందని చెప్పను, కానీ సర్క్యులర్ పేరెత్తి మాట్లాడినవాళ్ల ఫైలు త్వరగా కదలడం చూశాను.

పెద్దవాళ్ల విషయంలో తరచూ వచ్చే తిరస్కరణ ఒకటి ముందే చెప్తాను. నీరసంగా ఉందని చేర్చి, రెండు రోజులు పరీక్షలన్నీ చేయించి, సెలైన్ పెట్టి పంపిస్తే "ఇది పరీక్షల కోసం చేరడమే, చికిత్స కోసం కాదు" అని క్లెయిమ్ కొట్టేస్తారు. చేర్చడం ఎందుకు అవసరమైందో డాక్టర్ డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాసేలా చూసుకోండి. ఇంటికి వచ్చాక ఆ సమ్మరీ మార్పించడం కష్టం.

క్లెయిమ్ కొట్టేస్తే ఊరుకోకండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, తర్వాత ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్, ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఓపిగ్గా కాగితాలు పెట్టుకున్న మామూలు మనుషులు అక్కడ గెలుస్తూనే ఉంటారు.

ప్రభుత్వ పథకాలు ఉన్నాయి కదా అంటారేమో. 2024 అక్టోబర్ నుంచి 70 దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ప్రైవేటు పాలసీ ఉన్నా ఆ కార్డు తీసుకోవచ్చు. నాన్నగారికి అది పదేళ్ల తర్వాతి మాట. మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే మాత్రం ఈ వారమే చేయించండి. ఇప్పటికే 75 దాటి, బైపాస్ అయి, 30 శాతం కో-పే, బోలెడు సబ్-లిమిట్లతో తప్ప పాలసీ దొరకని వాళ్లకైతే, ఆ పాలసీ కొనడం కంటే ఈ కార్డు పెట్టుకుని ప్రీమియం డబ్బు విడిగా దాచుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఓపీడీ రైడర్ (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు), ఉచిత హెల్త్ చెకప్, జిమ్ డిస్కౌంట్‌ల గురించి ఆలోచించి టైమ్ వేస్ట్ చేసుకోకండి. ఓపీడీకి మీరు అదనంగా కట్టేదీ, వాళ్లు తిరిగి ఇచ్చేదీ ఇంచుమించు ఒకటే. గ్లవ్స్, మాస్కుల్లాంటి వాటికి ఉండే కన్స్యూమబుల్స్ రైడర్ మాత్రం చవగ్గా వస్తే తీసుకోవచ్చు. నెలవారీ మందులు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం, ఇంట్లో చూసుకునే మనిషి జీతం, వీటిని మామూలుగా ఏ ప్లానూ ఇవ్వదు. వాటి కోసం రిటైర్మెంట్ డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పక్కన పెట్టమనండి.

మీ కేసుకు నేను చేసే పని ఇదీ. నాన్నగారికి 60 నిండకముందే, షుగర్, బీపీ రాసి, కో-పే లేని, గదికి రూపాయల పరిమితి లేని మామూలు వ్యక్తిగత ప్లాన్‌కు రెండు కంపెనీల్లో అడుగుతాను. సీనియర్ సిటిజన్ అని పేరున్న ప్లాన్ ఇప్పుడే అక్కర్లేదు, ఆయనకింకా మామూలు ప్లాన్లు దొరికే వయసే. ఒకరు లోడింగ్‌తో ఒప్పుకుని ఇంకొకరు నిరాకరిస్తే, లోడింగ్‌కే సరే అంటాను. ఇద్దరూ కాదంటే కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి మైగ్రేషన్ అడుగుతాను. ఏ తిరస్కరణ వచ్చినా తర్వాత అడిగేచోట దాన్ని దాచను. అమ్మగారికి అదే కంపెనీలో విడిగా 5 లక్షలు, దాని మీద సూపర్ టాప్-అప్.

పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది, అంటే నచ్చకపోతే ఆలోపు పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు. మీరు నింపిన ప్రపోజల్ ఫారం కాపీ పాలసీతోపాటు వస్తుంది, ఆ నెలలోనే దాన్ని తెరిచి ఆరోగ్య ప్రశ్నల పేజీ చదవండి. మీరు "అవును" అని చెప్పిన చోట ఏజెంటు "కాదు" అని టిక్ పెట్టి ఉంటే వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించండి. ఆ మెయిల్ కాపీని నాన్నగారి రిపోర్టుల ఫైల్లోనే పెట్టండి.